లెక్కపెట్టి వాడే మిస్సైళ్లు: స్పేస్ గేములు తయారుచేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

స్పేస్ యుద్ధాల గేమ్ మొదలుపెట్టిన ప్రతి టీమూ ఏదో ఒక రోజు ఈ చిక్కు దగ్గర ఆగిపోతుంది. లేజర్ ఎంతసేపైనా కాల్చుకోవచ్చు, మిస్సైళ్లు మాత్రం ఆరే ఉంటాయి. ఆ ఆరూ ఎంత బలంగా ఉంటే న్యాయం? కాస్త పెంచితే గేమంతా మిస్సైళ్లే, కాస్త తగ్గిస్తే ఎవరూ వాటిని ముట్టుకోరు. ఎక్కువగా సింగిల్ ప్లేయర్ గేములను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. మల్టీప్లేయర్ గురించి విడిగా ఒక ప్రశ్న ఉంది.

అసలు మిస్సైళ్లకి లెక్క ఎందుకు? కూల్‌డౌన్ పెడితే చాలదా?

చాలా గేములకి చాలు. కూల్‌డౌన్ (ఒకసారి వాడాక మళ్లీ సిద్ధమవడానికి పట్టే విరామం) ఉన్న ఆయుధం సిద్ధమైన వెంటనే వాడకపోతే మనకే నష్టం. అందుకే బటన్ వెలగ్గానే నొక్కేస్తాం, అక్కడ ఆలోచించేదేమీ ఉండదు. లెక్క ఉన్న ఆయుధం దీనికి తలకిందులు: తొందరపడితే నష్టం. "ఇప్పుడు వదలాలా, ఇంకాస్త ఆగాలా" అనే టెన్షన్ మీ గేమ్‌కి కావాలంటేనే లెక్క పెట్టండి. "నిజంగా కూడా మిస్సైళ్లు అయిపోతాయి కదా" అనేది మాత్రం చాలిన కారణం కాదు. నిజంగా అయితే ఇంధనమూ అయిపోతుంది, పైలట్‌కి నిద్రా వస్తుంది. అవన్నీ గేములో పెట్టడం లేదుగా.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ తయారుచేసిన ఎలీట్ అనే స్పేస్ గేమ్‌లో ఆట మొదలయ్యేసరికి మన చేతిలో 100 క్రెడిట్లు, షిప్‌లో 3 మిస్సైళ్లు ఉండేవి. ఒక్కోదాని ధర 30 క్రెడిట్లు, షిప్‌లో 4 మాత్రమే పట్టేవి. లేజర్‌కి మందుగుండు లెక్క లేదు, కానీ ఆపకుండా కాలిస్తే వేడెక్కి ఆగిపోయేది. ఒక ఆయుధానికి క్షణాల మీద హద్దు, ఇంకోదానికి మొత్తం మీద హద్దు. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలా గేములు నడుస్తున్నది ఆ దారిలోనే.

ఒక్కో మిస్సైల్ ఎంత డ్యామేజ్ చేయాలి?

యుద్ధం ఎంతసేపు నడుస్తుందో చెప్పకుండా దీనికి జవాబు చెప్పలేం. అంకెలతో చూద్దాం.

మీ లేజర్ సెకనుకి 100 డ్యామేజ్ చేస్తుందనుకోండి. మిస్సైల్ ఒక్కోటి 800, మొత్తం ఆరు. అంటే మిస్సైళ్ల మొత్తం బలం 4,800. యుద్ధం 30 సెకన్లలో ముగిస్తే లేజర్ చేసింది 3,000 మాత్రమే, కాబట్టి మిస్సైళ్లదే పైచేయి. 48 సెకన్ల దగ్గర రెండూ సమానం. యుద్ధం రెండు నిమిషాలు సాగితే లేజర్ 12,000 దాకా వెళ్తుంది, లాంచర్ మాత్రం చాలాసేపటి నుంచి ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. పైగా లేజర్ గురి ప్రతిసారీ కుదరదు. పదింటిలో ఆరే తగులుతాయనుకుంటే సమానమయ్యే చోటు 48 నుంచి 80 సెకన్లకి జరుగుతుంది.

అంకెలు మార్చలేదు, ఆయుధం మార్చలేదు. అయినా చిన్న గొడవలో అదే రాజు, పెద్ద యుద్ధంలో అదే దండగ. చిన్న షిప్పులతో ఆడేవాళ్లు "మిస్సైళ్లు మరీ బలం, తగ్గించండి" అంటారు. పెద్ద ఫ్లీట్లు నడిపేవాళ్లు "ఒట్టి బరువు, పెంచండి" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరో ఒకరి మాట విని డ్యామేజ్ అంకె మార్చారంటే రెండో వాళ్ల గేమ్ పాడవుతుంది.

ఇంకో సంగతి. 800 డ్యామేజ్ ఒక్కసారిగా పడటం, అదే 800 ఎనిమిది సెకన్లలో కొద్దికొద్దిగా పడటం ఒకటి కాదు. ముందే పోయిన శత్రువు మనల్ని కాల్చడు. షీల్డ్ కోలుకునే గేముల్లో ఈ తేడా ఇంకా పెద్దది. అందుకే మొత్తాలు సమానం చేసి ఊరుకుంటే మిస్సైల్ వైపే తూకం మొగ్గుతుంది. నేనైతే మామూలు యుద్ధంలో లేజర్ చేసే మొత్తంలో సగం కంటే తక్కువ మిస్సైళ్లకి ఇచ్చి మొదలుపెడతాను. ఇది సూత్రమేమీ కాదు. పెంచడం సులువు, ఒకసారి ఇచ్చింది తగ్గించడమే కష్టం కాబట్టి కింద నుంచి మొదలుపెట్టడం.

అయిపోయిన మిస్సైళ్లు మళ్లీ ఎప్పుడు నిండాలి?

నా దృష్టిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. డ్యామేజ్, సంఖ్య, ధర అన్నీ దీని తర్వాతే.

ఎఫ్‌టీఎల్: ఫాస్టర్ దాన్ లైట్ (2012) చూడండి. అక్కడ మొత్తం ప్రయాణానికి ఒకటే నిల్వ. మొదటి షిప్ కెస్ట్రెల్‌కి ఒక ఆర్టెమిస్ లాంచర్, 8 మిస్సైళ్లు ఇస్తారు. తర్వాత దుకాణంలో ఒక్కోటి 6 స్క్రాప్‌కి (ఆ గేములో డబ్బు) కొనుక్కోవాలి, లేదా దారిలో దొరకాలి. అంటే ఇప్పుడు వదిలే ప్రతి మిస్సైల్‌నీ ఇంకో గంట తర్వాత వచ్చే యుద్ధం దగ్గర అప్పు తెచ్చుకుంటున్నట్టే. ఆ భయమే ఆ గేమ్‌కి రుచి. కానీ ఈ పద్ధతిలో ఒక షరతు ఉంది. మిస్సైళ్లు పూర్తిగా అయిపోయినా గెలిచే దారి మిగలాలి. కెస్ట్రెల్‌తో పాటు బర్స్ట్ లేజర్ కూడా చేతికిచ్చింది అందుకే. లెక్క లేని ఆయుధం ఒక్కటైనా లేని షిప్‌ని ఆటగాడి చేతిలో పెడితే, అతను ఓడిపోయిన సంగతి అతనికే పది నిమిషాలు ఆలస్యంగా తెలుస్తుంది. అంతకంటే చిరాకు ఉండదు.

స్టార్‌సెక్టర్ అనే స్పేస్ గేమ్‌లో ఇంకో దారి. ప్రతి యుద్ధానికీ లాంచర్లు నిండుగా మొదలవుతాయి, వాటికంటూ వేరే ఖర్చు లేదు. కాబట్టి "రేపటికి దాచుకోవాలా" అనే బెంగ ఉండదు. "ఈ యుద్ధంలో ఏ షిప్ మీద, ఎప్పుడు" అన్నదే మిగులుతుంది. చిన్న యుద్ధాల్లో మిస్సైళ్లు ధారాళంగా ఉన్నట్టనిపిస్తాయి. శత్రువుకి బలగాలు వస్తూనే ఉండే పెద్ద యుద్ధాల్లో సగానికి ముందే అయిపోతాయి. పైన చెప్పిన సమయం లెక్క ఇక్కడ కళ్లకు కడుతుంది. మిస్సైళ్లు రెట్టింపు చేసే ఎక్స్‌పాండెడ్ మిస్సైల్ ర్యాక్స్ అనే మార్పును షిప్‌కి బిగించుకోవచ్చు. దాని విలువ కూడా మీరు ఎంత పెద్ద యుద్ధాలు చేస్తారన్న దాని మీదే ఆధారపడుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఫ్రీస్పేస్ 2 (1999). మిషన్ మధ్యలోనే సపోర్ట్ షిప్‌ని పిలవచ్చు. అది రావడానికి టైమ్ పడుతుంది. వచ్చాక మనం కదలకుండా దాని పక్కన నిలబడాలి. ఆ కాసేపూ మనల్నీ, దాన్నీ శత్రువు కాల్చవచ్చు. నింపుకోవడమే ఒక యుద్ధ నిర్ణయం అయిపోయింది. ఇలా చేస్తే మిస్సైళ్ల సంఖ్య కాస్త అటూ ఇటూ అయినా గేమ్ తట్టుకుంటుంది. తక్కువ ఇస్తే ఆటగాడు ఇంకోసారి పిలుస్తాడు, అంతే. తూకం కుదరక సతమతమవుతున్న చిన్న టీములకి నేను మొదట చెప్పేది ఈ పద్ధతే.

ఆటగాళ్లు మిస్సైళ్లు వాడకుండా దాచుకుంటున్నారు. చివరి బాస్ దగ్గర కూడా నిండుగానే ఉంటున్నాయి. ఏం చేయాలి?

ఇది వాళ్ల పిరికితనం కాదు, గేమ్ వాళ్లకి సరైన సమాచారం ఇవ్వకపోవడం. ముందు ఏం రాబోతోందో తెలియనప్పుడు దాచుకోవడమే తెలివైన పని.

మహాభారతంలో కర్ణుడి దగ్గర ఉన్న శక్తి ఆయుధం ఇలాంటిదే. కవచకుండలాలు ఇచ్చేసి ఇంద్రుడి దగ్గర తెచ్చుకున్నాడు, ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసమని దాచి దాచి, పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చీల్చి చెండాడుతుంటే వదలక తప్పలేదు. కృష్ణుడికి కావలసిందీ అదే. గేమ్ డిజైనర్‌గా ఇందులో చూడాల్సిన విషయం రెండు వైపులా ఉంది. కర్ణుడికి అర్జునుడు వస్తాడని ముందే తెలుసు కాబట్టి దాచడానికి అర్థం ఉంది. ఘటోత్కచుడు కూడా ఆ ఆయుధానికి తగ్గ శత్రువే కాబట్టి వాడటానికీ అర్థం ఉంది. మీ గేమ్‌లో ఈ రెండూ ఉన్నాయా? చాలా గేముల్లో మధ్యలో వచ్చే శత్రువులందరూ పిచ్చుకలే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎవరు వేస్తారు?

కాబట్టి మధ్యమధ్యలో మిస్సైల్ లేకపోతే గట్టి దెబ్బ తినే యుద్ధం ఒకటి రావాలి, అది రాబోతోందని ముందే కనిపించాలి. రెండోది, నిల్వకి పైహద్దు తక్కువగా పెట్టండి. పదే పట్టే చోట పదకొండోది దొరికితే, ఒకటి వాడకపోవడం వృథా అని ఆటగాడికే అనిపిస్తుంది. ఎలీట్‌లో 4 మాత్రమే పట్టడం వెనక ఈ లాభం కూడా ఉంది. మూడోది ఇంకా చిన్న చిట్కా: వాడినప్పుడు కొన్నిసార్లు ఖర్చు కాకుండా చేయడం. ఎఫ్‌టీఎల్‌లో ఎక్స్‌ప్లోజివ్ రెప్లికేటర్ అనే పరికరం ఉంటే మిస్సైల్ వదిలినా సగం సార్లు నిల్వ తగ్గదు. లెక్క చూస్తే నిల్వ రెట్టింపు అయినట్టే. కానీ చేతిలో రెట్టింపు పెడితే దాచుకునేవాడు, దీనితో ధైర్యంగా వదులుతాడు.

మాకు ఉల్టా సమస్య. మొదటి పది సెకన్లలోనే అన్నీ వదిలేసి యుద్ధం ముగించేస్తున్నారు.

ప్రతి యుద్ధానికీ ఉచితంగా నిండే గేముల్లో ఇది తప్పదు. దాచుకోవడానికి కారణం లేనప్పుడు ముందే వదలడం సరైన ఎత్తు. ఆటగాడిని తిట్టుకోకండి.

మిస్సైల్‌కి ఒక సరైన సమయం కల్పించడమే మందు. స్టార్‌సెక్టర్‌లో హార్పూన్ మిస్సైళ్లు హై ఎక్స్‌ప్లోజివ్ రకం. ఆర్మర్ (షిప్ ఒంటి మీది కవచం) మీద గట్టిగా, షీల్డ్ మీద సగమే పనిచేస్తాయి. షీల్డ్ ఎత్తి ఉన్న శత్రువు మీద మొదట్లోనే వదిలేస్తే సగం బలం గాల్లో కలిసినట్టే. ముందు తుపాకులతో షీల్డ్ మీద ఒత్తిడి పెంచి, శత్రువు ఓవర్‌లోడ్ అయి షీల్డ్ పడిపోయిన ఆ కొద్ది సెకన్లలో వదలాలి. రీపర్ టార్పెడో ఇంకా పచ్చిగా ఉంటుంది. దెబ్బ 4,000, కానీ గైడెన్స్ లేదు, లక్ష్యాన్ని వెంటాడదు. దగ్గరికి వెళ్లి, సూటిగా, సమయం చూసి వదలాల్సిందే. సేబాట్ మిస్సైల్ దీనికి జోడీ: షీల్డ్ మీద రెట్టింపు బలం, ఆర్మర్ మీద సగం. ఎప్పుడు వదలాలన్న ప్రశ్నకి ఒక్కో మిస్సైల్ ఒక్కో జవాబు కోరుతుంది కాబట్టి అన్నీ కలిపి ఒకేసారి వదలడం తెలివితక్కువ పని అవుతుంది. నిషేధం పెట్టక్కర్లేదు.

లాంచర్ నుంచి ఒక్కొక్కటిగా, మధ్యలో గ్యాప్‌తో బయటికి రావడం కూడా పనిచేస్తుంది, కానీ ఆటగాడికి చేతులు కట్టేసినట్టు అనిపించకుండా చూసుకోవాలి.

పాయింట్ డిఫెన్స్ ఎంత బలంగా ఉండాలి?

మిస్సైళ్ల తూకంలో ఎక్కువ గేములు బోల్తాపడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పాయింట్ డిఫెన్స్ అంటే వచ్చే మిస్సైళ్లను దారిలోనే కూల్చే తుపాకులు. అది శాతంలో తగ్గించదు, సంఖ్యలో తీసేస్తుంది. శత్రువు ఒక్కో విడతలో 5 మిస్సైళ్లను కూల్చగలడనుకోండి. మీరు 5 వదిలితే తగిలేది సున్నా. 6 వదిలితే 1. 12 వదిలితే 7. ఆరు నుంచి పన్నెండుకి రెట్టింపు చేస్తే ఫలితం ఏడు రెట్లు అయింది. అమెరికా నౌకాదళ అధికారి వేన్ హ్యూస్ సముద్రంలో మిస్సైల్ యుద్ధాల గురించి రాసిన సాల్వో సమీకరణాల్లో ముఖ్యమైన సంగతి కూడా ఇదే: వచ్చిన మిస్సైళ్ల నుంచి కూల్చినవి తీసేసి, మిగిలినదాన్ని షిప్ ఎన్ని దెబ్బలు ఓర్చుకోగలదో దానితో భాగిస్తారు. ఆ తీసివేత వల్లే ఒక గీత కింద అంతా సున్నా, గీత దాటితే అంతా విధ్వంసం.

గేమ్‌లో దీని అర్థం ఏమిటంటే, కొద్దిగా మిస్సైళ్లు పెట్టుకున్నవాడికి ఏమీ దక్కదు, షిప్ నిండా నింపినవాడికి అన్నీ దక్కుతాయి. మధ్య దారి చచ్చిపోతుంది. ఒక లేజర్, ఒక లాంచర్ పెట్టుకుని సరదాగా ఆడదామనుకున్న మామూలు ఆటగాడే ఇక్కడ నష్టపోయేది. డ్యామేజ్ అంకె ఎంత సర్దినా ఇది పోదు. గీత పోవాలంటే తీసివేత పద్ధతినే కాస్త మెత్తబరచాలి. కూల్చడం కచ్చితం కాకుండా అవకాశం మీద ఆధారపడేలా చేస్తే ఐదు వదిలినప్పుడు కూడా ఒకటి రెండు జారిపోతాయి. మిస్సైల్‌కి కొంచెం ప్రాణం ఇవ్వడం ఇంకో దారి: పెద్ద టార్పెడో రెండు మూడు దెబ్బలు తట్టుకుంటుంది, చిన్నది ఒక్కదానికే పోతుంది. పాయింట్ డిఫెన్స్ తుపాకులకి దిశ ఉంటే వెనక నుంచి వచ్చినదానికి దారి దొరుకుతుంది, షిప్ తిప్పుకోవడం కూడా ఆటలో భాగమవుతుంది. ఈ మూడింటిలో దిశ పెట్టడమే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది అంకెల్లో దాక్కోకుండా స్క్రీన్ మీద కనిపిస్తుంది.

ఎలీట్‌లోని ఈసీఎం అనే మిస్సైల్ నిరోధక పరికరం దీనికి పూర్తి వ్యతిరేక కొస. బటన్ నొక్కితే దగ్గర్లో ఎగురుతున్న మిస్సైళ్లన్నీ పోతాయి, మనవి కూడా. కాబట్టి ఈసీఎం ఉన్న శత్రువు మీద మిస్సైల్ వదలడం 30 క్రెడిట్లు పారేసుకోవడమే. ఇలాంటి అవును-కాదు రక్షణ పెడితే శత్రువు దగ్గర అది ఉందో లేదో ఆటగాడికి ముందే తెలియాలి.

మిస్సైల్ షీల్డ్‌ని దాటిపోవాలా, వద్దా?

రెండు రకాలూ నడిచాయి. ఎఫ్‌టీఎల్‌లో మిస్సైళ్లు మామూలు షీల్డ్‌ని లెక్కచేయవు, నేరుగా గదిలోకి దిగుతాయి. లేజర్లు మాత్రం ఒక్కో పొరా ఒలుచుకుంటూ పోవాలి. అంత శక్తి ఉంది కాబట్టే లెక్క, అది చాలదన్నట్టు శత్రువు తప్పించుకునే అవకాశం, డిఫెన్స్ డ్రోన్ కూల్చేసే అవకాశం, జోల్టాన్ షీల్డ్ అనే ప్రత్యేక షీల్డ్ ఆపేసే అవకాశం. ఎలీట్ డేంజరస్ (2014) తిప్పి రాసింది: అక్కడ మిస్సైళ్లు షీల్డ్ మీద చాలా బలహీనం, షీల్డ్ పోయాక హల్ (షిప్ ఒళ్లు) మీదా, బయటి భాగాల మీదా గట్టివి.

మొదటి పద్ధతిలో మిస్సైల్ యుద్ధాన్ని మొదలుపెట్టే ఆయుధం, రెండోదాంట్లో ముగించే ఆయుధం. రెండూ ఒకే గేములో ఒకే మిస్సైల్‌కి ఇవ్వకండి. షీల్డూ దాటి, హల్ మీదా రెట్టింపు కొడితే లేజర్ ఎందుకు?

చిన్న షిప్పుల మీద పెద్ద మిస్సైళ్లు వేసి ఒక్క దెబ్బకి చంపేస్తున్నారు. ఆపేదెలా?

ఈవ్ ఆన్‌లైన్ దారి చూడండి. అక్కడ మిస్సైల్ తన పరిధిలో ఉన్న లక్ష్యాన్ని తప్పకుండా తాకుతుంది, కానీ ఎంత డ్యామేజ్ పడుతుందన్నది రెండు పోలికల మీద ఉంటుంది. పేలుడు వ్యాసార్థం లక్ష్యం సైజు కంటే ఎంత పెద్దది, లక్ష్యం వేగం పేలుడు వేగం కంటే ఎంత ఎక్కువ అన్నవే ఆ రెండూ. పెద్ద షిప్ కోసం చేసిన టార్పెడో వేగంగా తిరిగే చిన్న షిప్ ఫ్రిగేట్ మీద పడితే గీతలు పడటం తప్ప పెద్దగా ఏమీ కాదు. తప్పిపోవడం కంటే ఇది మంచిది. లెక్కపెట్టి వదిలిన మిస్సైల్ పూర్తిగా తప్పిపోతే ఆటగాడికి ఒళ్లు మండుతుంది. తగిలి తక్కువ చేస్తే "దీని మీద ఇది వాడకూడదన్నమాట" అని నేర్చుకుంటాడు.

అదే గేములో హెవీ మిస్సైళ్లు డ్రేక్ అనే షిప్‌తో కలిసి చాలాకాలం రాజ్యమేలాయి. దూరం ఎక్కువ, దెబ్బా బాగుంది, గురి చూసే పనిలేదు. 2012 డిసెంబరు రెట్రిబ్యూషన్ విస్తరణలో వాటి పరిధిని దాదాపు పావు వంతు, డ్యామేజ్‌ని పదో వంతు తగ్గించారు. గమనించండి, ఎక్కువ కోత పడింది డ్యామేజ్‌కి కాదు, పరిధికి. మిస్సైల్ మరీ బలంగా అనిపించినప్పుడు మొదట పట్టుకోవాల్సింది చాలాసార్లు దూరాన్నే. ఎదుటివాడు మనల్ని తాకలేని చోటు నుంచి చేసే చిన్న దెబ్బ కూడా అన్యాయంగానే అనిపిస్తుంది.

లెక్క తీసేసి, పెద్ద రీలోడ్ పెడితే?

పనిచేస్తుంది, కానీ అది వేరే ఆయుధం. ఈవ్‌లో ర్యాపిడ్ లాంచర్లను 2013 నవంబరులో రూబికాన్ విస్తరణతో అలా మార్చారు: మ్యాగజైన్ ఉన్నంతసేపూ ధడధడా కాల్చడం, తర్వాత 40 సెకన్ల రీలోడ్. ఆ 40 సెకన్లు ఏమీ చేయలేక కూర్చోవడం మీద అప్పట్లో ఆటగాళ్లు గట్టిగానే గొడవపడ్డారు. స్టార్‌సెక్టర్‌లోని సాలమాండర్ కూడా లెక్క లేని మిస్సైలే. కాకపోతే దాని పని చంపడం కాదు, శత్రువు వెనక వైపుకి చుట్టి వెళ్లి ఇంజన్లను ఆపేయడం. సాయపడే మిస్సైల్‌కి లెక్క అవసరం లేదు, చంపే మిస్సైల్‌కే అవసరం. ఈ విభజన నాకు చాలా శుభ్రంగా అనిపిస్తుంది.

లాంచర్ అయిపోయాక ఒట్టి బరువేగా? ఆ స్లాట్‌లో లేజర్ పెట్టుకుంటే మేలు కదా?

ఆటగాడు ఇలా అడుగుతున్నాడంటే మీరు మిస్సైళ్లనీ తుపాకులనీ ఒకే స్లాట్ కోసం పోటీకి పెట్టారన్నమాట. స్టార్‌సెక్టర్‌లో చాలా షిప్పులకి మిస్సైల్ స్లాట్లు విడిగా ఉంటాయి. అక్కడ మిస్సైల్ పోటీపడేది ఇంకో మిస్సైల్‌తోనే, లేజర్‌తో కాదు. పైగా తుపాకులు కాల్చినప్పుడు ఫ్లక్స్ (షిప్‌లో వేడిలా పేరుకునే భారం) పెరిగి షీల్డ్‌ని కూడా తినేస్తుంది, మిస్సైళ్లు దాదాపు ఫ్లక్స్ పెంచవు. లేజర్ కాల్చిన ప్రతిసారీ కాస్త రక్షణ పోగొట్టుకుంటాం, మిస్సైల్ వదిలితే ఆ క్షణానికి ఏమీ పోదు. మీ గేములోనూ తుపాకులకి ఇలాంటి ఖర్చు ఒకటి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే లెక్క ఉన్న ఆయుధం ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

శత్రువు ఏఐకి కూడా లెక్క ఉండాలా?

ఉంటే బాగుంటుంది, కానీ ఆటగాడికి కనిపించేలా ఉండాలి. కనిపించని లెక్క లేనట్టే. శత్రువు లాంచర్ ఖాళీ అయిందని తెలిస్తే "ఇక దగ్గరికి వెళ్లొచ్చు" అనే కొత్త ఎత్తు పుడుతుంది.

ఏఐతో అసలు తలనొప్పి వేరే ఉంది. మిస్సైల్ చేరడానికి టైమ్ పడుతుంది. ముగ్గురు ఏఐ మిత్రులు ఒకే శత్రువు మీద వదిలితే మొదటివాడివే చాలు, మిగతా ఇద్దరివి శకలాల మీద పేలతాయి. లేజర్‌తో ఈ వృథా క్షణం కూడా ఉండదు, మిస్సైల్‌తో సగం నిల్వ పోతుంది. దీనికి ఒక చిన్న పట్టిక చాలు: గాల్లో ఉన్న ప్రతి మిస్సైల్ ఎవరి మీదకి వెళ్తోందో, ఎంత డ్యామేజ్ చేయబోతోందో రాసిపెట్టడం. కొత్తగా వదిలే ముందు ఏఐ దాన్ని చూసి, పాయింట్ డిఫెన్స్‌కి పోయేదంతా పోయాక కూడా ఇప్పటికే చాలినంత వెళ్తోందంటే ఆగుతుంది. మిగతా ఏఐ తెలివితేటలన్నీ తర్వాత చూసుకోవచ్చు, ఇది మాత్రం మొదటి వారంలోనే పెట్టండి. లేకపోతే మిస్సైళ్లు బలహీనం అని పొరబడి డ్యామేజ్ పెంచుతారు.

మల్టీప్లేయర్‌లో?

నెబ్యులస్: ఫ్లీట్ కమాండ్ పద్ధతి నిజాయితీగా ఉంటుంది. ఫ్లీట్ కట్టుకోవడానికి ఇచ్చే పాయింట్లలోంచే ఒక్కో మిస్సైల్‌కీ ధర కట్టాలి. ఎక్కువ తెస్తే షిప్పులు తగ్గుతాయి. రెండు వైపులా మనుషులే కాబట్టి ఎర వేయడం, ఎదుటివాడి నిల్వ ఖాళీ చేయించడం వాటంతట అవే పుడతాయి. సింగిల్ ప్లేయర్‌లో కష్టపడి తయారుచేయాల్సిన చాలా సంగతులు ఇక్కడ ఉచితం.

నిజమైన యుద్ధాల్లో ఎలా ఉంటుంది?

1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద మన నౌకాదళం చేసిన ఆపరేషన్ ట్రైడెంట్ మంచి ఉదాహరణ. నిపట్, నిర్ఘాట్, వీర్ అనే మూడు చిన్న మిస్సైల్ బోట్లు, ఒక్కోదానికి నాలుగేసి స్టిక్స్ మిస్సైళ్లు. పెద్ద నౌకలకి ఎదురు నిలిచే బలం వాటికి లేదు. ఎక్కువ దూరం వెళ్లే సామర్థ్యమూ లేదు, వెంట కార్వెట్లు, ఇంధనం మోసే నౌక రావాల్సి వచ్చింది. నిర్ఘాట్ వదిలిన రెండు మిస్సైళ్లకి పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ మునిగిపోయింది. పని కాగానే బోట్లు వెనక్కి తిరిగాయి. ఏటా ఆ రోజునే నేవీ డేగా జరుపుతారు, విశాఖ బీచ్‌లో నేవీ విన్యాసాలు చూసినవాళ్లకి తెలిసే ఉంటుంది.

చిన్న షిప్, పెద్ద దెబ్బ, ఒకే అవకాశం, తర్వాత పరుగు. మీ గేములో బాంబర్ తరగతి కావాలంటే నమూనా ఇదే. వెనక్కి వెళ్లే దారి కూడా ఆటలో భాగం చేయండి. చాలా గేములు వదిలేదాకా బాగా చేసి, తర్వాత ఆ బాంబర్‌ని ఏం చేయాలో తెలియక యుద్ధం మధ్యలో తిప్పుతుంటాయి.

తూకం కుదిరిందో లేదో టెస్ట్ చేసేదెలా?

గెలుపు ఓటముల శాతం చూసి ఏమీ తెలియదు. ప్రతి యుద్ధం చివర ఎన్ని మిస్సైళ్లు మిగిలాయో లాగ్ చేయండి. మొదటిది ఎన్నో సెకనులో వదిలారు, ఎన్ని కూలాయి, ఎన్ని శకలాల మీద వృథా అయ్యాయి అన్నవి కూడా. గెలిచినవీ ఓడినవీ వేరువేరుగా పెట్టండి. ఓడిన యుద్ధాల్లో కూడా లాంచర్ నిండుగా ఉంటే అది దాచుకునే సమస్య. గెలిచినవాటిలో అన్నీ మొదటి పది సెకన్లలో ఖాళీ అయితే సమయం సమస్య. కూలినవి చాలా ఎక్కువో, చాలా తక్కువో ఉండి మధ్యలో ఏమీ లేకపోతే పాయింట్ డిఫెన్స్ గీత దగ్గర ఇరుక్కున్నారు.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. చిన్న యుద్ధాల్లో ఒకసారి, మీ గేములో అతి పెద్ద యుద్ధంలో ఒకసారి విడిగా కొలవండి. రెండింటి సగటు మాత్రం తీయకండి.

రాకెట్లు, మిస్సైళ్లు, టార్పెడోలు: మూడూ పెట్టాలా?

ఒక్కోదానికీ "ఎప్పుడు వదలాలి" అన్నదానికి వేరే జవాబు ఉంటే పెట్టండి. డ్యామేజ్, వేగం అంకెలు మాత్రమే తేడా ఉంటే ఒకటి చాలు. మిగతావి అప్‌డేట్‌లో చేర్చుకోవచ్చు.